సముద్రం మీద సిగ్నల్ ఖరీదెంత?

విశాఖపట్నం నుంచి చెన్నైకి వెళ్లే ఓడ ఏదైనా బాపట్ల జిల్లా తీరాన్ని కుడిచేతి పక్కన పెట్టుకునే పోవాలి. నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, వేటపాలెం మండలంలోని రామాపురం... ఒడ్డున నిలబడినవాళ్ల కంటికి ఓడ ఆనకపోవచ్చు గానీ అది పోయేది మాత్రం ఈ నీళ్ల ఎదురుగానే. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వాళ్ల 'ఎంప్రెస్' ఈ దారిలోనే చెన్నై, విశాఖల మధ్య తిరిగింది. పదకొండు డెక్కులు, ఈతకొలను, నాటకశాల, కాసినో, సుమారు పద్దెనిమిది వందల మందికి చోటు ఉన్న ఓడ అది. అదే సముద్రంలో రామాపురం, వాడరేవు ఫైబర్ బోట్లు ముగ్గురు నలుగురు మనుషులతో వేటకెళ్తాయి.

ఓడలోనూ బోటులోనూ అందరి జేబుల్లో ఉన్నవి ఇంచుమించు ఒకే రకం ఫోన్లు. ఒడ్డున ఉన్నంతసేపూ రెండింటికీ ఒకటే రీఛార్జి. తీరం కనుమరుగైన కాసేపటికి రెండింటిలోనూ గీతలు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. అక్కడి నుంచి దారులు వేరు. ఓడలో డబ్బు కట్టినవాళ్లకు సిగ్నల్ మళ్లీ వస్తుంది. బోటులో ఎంత కడతామన్నా రాదు.

కారణం మొదట భూమి ఆకారంలోనే ఉంది. ఒడ్డున నలభై మీటర్ల టవర్ నిలబెడితే, భూమి గుండ్రంగా వంగి ఉంది కాబట్టి, దాని చూపు నీళ్ల మీద 22, 23 కిలోమీటర్ల దాకానే సాగుతుంది. బోటులో మనిషి రెండు మీటర్ల ఎత్తున ఫోన్ పట్టుకుంటే ఇంకో ఐదు కిలోమీటర్లు కలుస్తాయి. ముప్పై మీటర్ల ఎత్తున్న ఓడ డెక్ మీద నిలబడితే దాదాపు ఇరవై కలుస్తాయి. అంటే ఒకే టవర్, ఒకే కంపెనీ సిమ్, అయినా డెక్ మీది పర్యాటకుడికి మన తీరం బోటువాడికంటే పదిహేను కిలోమీటర్లు ఎక్కువ దూరం అందుబాటులో ఉంటుంది. ఇదంతా కాగితం మీద లెక్క. అలలు, ఉప్పుగాలి, ఊళ్ల వైపు తిప్పి కట్టిన యాంటెన్నాలు కలిసి దాన్ని సగానికి కోసేస్తాయి. మత్స్యకారుల ఫోన్లకు సిగ్నల్ అందేది తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్ల వరకేనని కేంద్ర ప్రభుత్వమే 2019లో చెప్పింది.

రామాపురం రిసార్టులో ఇసుక మీద కుర్చీ వేసుకుని, వైఫైలో సినిమా చూస్తూ సముద్రం వైపు చూసేవాళ్లకు ఈ పన్నెండు కిలోమీటర్ల గీత కనపడదు.

తెలుగువాళ్లకు క్రూయిజ్ ఇప్పుడు మరీ దూరపు సంగతేమీ కాదు. డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్లకు గాల్వెస్టన్ రేవు కారులో వెళ్లేంత దగ్గర. సియాటిల్ వైపున్న ఐటీ కుటుంబాలు వేసవిలో అలాస్కా ఓడ ఎక్కుతాయి. ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మానాన్నలకు అమెరికా చూపించే పద్ధతిలో నయాగరా తరవాత ఓడే. ఇటు విశాఖలో 96 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. 2024 ఏప్రిల్‌లో 'ది వరల్డ్' అనే ఓడ వచ్చి ఆగింది. అందులో ఉండేవాళ్లు ప్రయాణికులు కారు, ఫ్లాట్ల యజమానులు. ఓడలోనే 165 ఇళ్లు. కార్డీలియాకు మాత్రం మన తీరంలో మొదటి ఏడాదే చిన్న చుక్కెదురైంది. కాసినో మీద అభ్యంతరాలు లేచి పుదుచ్చేరి ప్రభుత్వం 2022లో ప్రయాణికుల్ని అక్కడ దిగనివ్వలేదు. 2025 జులైలో గానీ ఆ ఓడకు పుదుచ్చేరిలో స్వాగతం దొరకలేదు.

ఇలా ఎక్కినవాళ్లు మొదటిరోజు సాయంత్రానికల్లా అడిగే ప్రశ్న ఒకటే. వైఫై పాస్‌వర్డ్ ఏంటి?

పెద్ద ఓడ ఫొటో ఏదైనా తీసి చూస్తే పొగగొట్టం చుట్టుపక్కల తెల్లటి గుమ్మటాలు కనిపిస్తాయి. వాటి లోపల ఉండేవి డిష్‌లు. ఓడ ఎటు ఊగినా, ఎటు తిరిగినా లోపలి డిష్ మాత్రం ఆకాశంలో ఒకే బిందువును చూస్తూ ఉండాలి. అందుకోసం మోటార్లు దాన్ని క్షణక్షణం సర్దుతుంటాయి. ఆ బిందువు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం. ఓడలో ఒకరు తెర మీద వేలు పెడితే ఆ మాట పైకి వెళ్లి, కింద ఎక్కడో ఉన్న భూకేంద్రానికి దిగి, జవాబు మళ్లీ అదే దారిలో పైకెక్కి ఓడకు దిగాలి. నాలుగు అంగలు, లక్షా నలభై వేల కిలోమీటర్లకు పైన. కాంతి వేగంతో పోయినా అర సెకను ఇక్కడే ఖర్చు. వీడియో కాల్‌లో మనవడు నవ్విన తరవాత తాతయ్య నవ్వడానికి పట్టే ఆ ఇబ్బందికరమైన విరామం దీని చలవే.

ఆలస్యాన్ని భరించవచ్చు. అసలు గొడవ ఇరుకు. ఉపగ్రహం నుంచి ఓడకు అందే మొత్తం డేటాను మూడు వేల మంది పంచుకోవాలి. చాలా ఏళ్లపాటు మొత్తం ఓడకు అందింది కొద్ది మెగాబిట్లే, ఇవాళ ఒక అపార్ట్‌మెంటులో ఒక ఇంటికి వచ్చే దానికంటే తక్కువ. రేవులో ఆగిన రోజు జనం ఊళ్లోకి పోతారు, నెట్ బాగుంటుంది. ఆగకుండా సముద్రం మీద సాగే రోజు అందరూ ఓడలోనే, అందరూ నెట్ మీదే. దానికి తోడు ఓడ ఉక్కు కట్టడం. గదులన్నీ ఉక్కు పెట్టెలు. వైఫై పరికరం నడవాలో ఉంటే లోపల మంచం దాకా సిగ్నల్ సగమే వస్తుంది. తలుపు తీసి పెట్టి మాట్లాడుకునే కుటుంబాలు ప్రతి ఓడలోనూ ఉంటాయి.

వాన కూడా ఒక అడ్డే. ఓడలు వాడే పౌనఃపున్యాలను గట్టి వాన మింగేస్తుంది. బంగాళాఖాతంలో రుతుపవనాల కాలంలో తిరిగే ఓడకు ఇది ఏదో ఒక పూట ఎదురయ్యేదే. అలాస్కాలో తంటా ఇంకో రకం. అంత ఉత్తరాన నిలబడి చూస్తే భూమధ్యరేఖ మీది ఉపగ్రహం ఆకాశంలో బాగా కిందికి ఉంటుంది. ఓడేమో కొండల మధ్య సన్నటి నీటిపాయల్లో పోతుంది. కొండ అడ్డం వస్తే డిష్ గుడ్డిదైపోతుంది. హిమానీనదం ముందు నిలబడి ఆ దృశ్యాన్ని లైవ్‌లో తెనాలికి చూపిద్దామనుకున్నవాళ్లకు సరిగ్గా అప్పుడే గుండ్రటి గుర్తు తిరుగుతూ కూర్చునేది. టికెట్‌తో పాటు ఎవరూ ఈ సంగతి చెప్పరు.

మన గోదావరి మీద పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కొండల మధ్యకు పోగానే ఫోన్లు మూగబోతాయి. అక్కడ ఎవరూ వైఫై అమ్మలేదు కాబట్టి ఎవరూ తిట్టుకోలేదు.

ఓడలో మాటను అమ్మడం ఇంటర్నెట్‌తో మొదలవలేదు. నూరేళ్ల కిందటే అది పెద్ద వ్యాపారం. 1912లో టైటానిక్‌లో మార్కోనీ రేడియో గది ఒకటి ఉండేది. అందులో పనిచేసిన జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ ఇద్దరూ మార్కోనీ కంపెనీ మనుషులు. వాళ్ల పనిలో ఎక్కువ భాగం ప్రయాణికుల తంతి సందేశాలు పంపడం. మొదటి పది మాటలకు పన్నెండు షిల్లింగుల ఆరు పెన్నీలు, ఆపైన మాటకు తొమ్మిది పెన్నీలు. మూడో తరగతి టికెట్ ఏడు పౌన్ల చిల్లర ఉన్న రోజులవి. అంటే 'క్షేమంగా ఉన్నాం' అని ఇంటికి పది మాటలు చెప్పాలంటే మొత్తం ప్రయాణపు ఖర్చులో పదకొండో వంతు. మూడో తరగతివాళ్లకు ఆ గదితో పని పడలేదని వేరే చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్ 14 రాత్రి ఫిలిప్స్ ముందు సందేశాల గుట్ట ఉంది. అంతకుముందు యంత్రం చెడిపోయి గంటల తరబడి బాగుచేయాల్సి రావడంతో పని పేరుకుపోయింది. ఇప్పటి కెనడా తీరంలోని కేప్ రేస్ కేంద్రం అందుబాటులోకి రాగానే ఆయన డబ్బు కట్టినవాళ్ల సందేశాలన్నీ వరసగా కొడుతున్నాడు. పదకొండు గంటల ప్రాంతంలో దగ్గర్లోని కాలిఫోర్నియన్ ఓడ నుంచి ఒక కబురు వచ్చింది. మంచు చుట్టుముట్టింది, ఆగిపోయాం అని. ఆ సిగ్నల్ చెవులు పగిలేంత గట్టిగా వచ్చి ఆయన పనికి అడ్డం పడింది. నోరు మూసుకో, కేప్ రేస్‌తో పనిలో ఉన్నాను అన్న అర్థంలో ఫిలిప్స్ విసుక్కున్నాడు. కాలిఫోర్నియన్ ఆపరేటర్ కాసేపు విని, యంత్రం కట్టేసి పడుకున్నాడు. 11 గంటల 40 నిమిషాలకు టైటానిక్ మంచుకొండను గుద్దింది.

ఫిలిప్స్ చెడ్డవాడు కాదు. ఆ తరవాత ఓడ మునిగేదాకా సాయం కోసం కబుర్లు పంపుతూనే ఉండి, ఆ రాత్రే చనిపోయాడు. తప్పు ఏర్పాటుది. రేడియో గది కంపెనీ లెక్కల పుస్తకంలో ఆదాయపు పద్దు కింద ఉంది, భద్రత కింద లేదు. డబ్బు వచ్చే మాట ముందు, రాని మాట వెనక. 1914లో కుదిరిన సముద్ర భద్రతా ఒప్పందం ఈ వరసను తిప్పేసింది. ప్రయాణికుల ఓడల్లో రేడియో ఉండాలి, దాని మీద ఇరవై నాలుగు గంటలూ చెవి ఉండాలి అన్నది అప్పుడు రాసిన నియమమే. ఆపదలో పంపే కబురుకు సముద్రం మీద ఇవాళ్టికీ ఛార్జీ లేదు.

అదే కాలంలో కాకినాడ, భీమిలి, విశాఖ రేవుల నుంచి వేలమంది తెలుగువాళ్లు స్టీమర్లలో రంగూన్‌కు కూలికి పోయారు. వాళ్లు చేరారో లేదో ఇంట్లోవాళ్లకు తెలిసేది ఎవరి చేతనైనా రాయించిన ఉత్తరం వచ్చినప్పుడే.

ఇంటర్నెట్ ఓడెక్కింది 1999లో. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ 'నార్వేజియన్ స్కై' ఓడలో ఇంటర్నెట్ కెఫే పెట్టింది. అక్కణ్నుంచి పదిహేనేళ్ల పాటు ఓడల్లో నెట్‌ను నిమిషాల లెక్కన అమ్మారు. నిమిషానికి 75 సెంట్లు మామూలు రేటు. మెయిల్ పేజీ తెరుచుకోవడానికే మూడు నాలుగు నిమిషాలు పట్టేది. వేగం తక్కువయ్యే కొద్దీ బిల్లు పెరిగే ఇలాంటి వ్యాపారం భూమ్మీద ఇంకొకటి దొరకడం కష్టం. తెలివైనవాళ్లు ముందే కాగితం మీద జవాబులు రాసుకుని వెళ్లి, టైప్ చేసి, లాగౌట్ కొట్టి, గడియారం ఆగిందో లేదో చూసుకుని బయటపడేవాళ్లు.

2004 ప్రాంతంలో ఓడల్లోనే చిన్న సెల్ టవర్లు వచ్చాయి. వాటి బాణీ ఇంకా ప్రమాదకరం. ఫోన్ తనంతట తానే ఓడ టవర్‌ను పట్టుకుంటుంది. ప్రయాణికుడికి తెలియకుండానే రోమింగ్ మొదలవుతుంది. 2008లో అమెరికాలో ఒకాయన మయామీ రేవులో ఇంకా కదలని ఓడలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో తన ఊరి జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాడు. కళ్లెదుట ఊరు కనిపిస్తోంది, ఊళ్లో టవర్లున్నాయి. ల్యాప్‌టాప్ మాత్రం ఓడ టవర్‌కు తగులుకుంది. బిల్లు దాదాపు 28 వేల డాలర్లు వచ్చింది. అప్పటి రూపాయల్లో పదమూడు లక్షల పైమాటే. పత్రికలకెక్కి అల్లరయ్యాక ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ దాన్ని మూడు వందల డాలర్ల లోపుకు తగ్గించింది. ఇరవై ఎనిమిది వేలు మూడు వందలకు దిగగలిగితే మొదటి అంకెకు ఆధారమేంటన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఓడ తాడు విప్పకముందే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆ తరవాత వైఫై ఒక్కటే ఆన్ చేసుకోమని అనుభవజ్ఞులు ఇవాళ్టికీ చెప్పేది ఇందుకే.

తరవాత ఆకాశం కిందికి దిగింది. 2007లో గ్రెగ్ వైలర్ మొదలుపెట్టిన ఓ3బీ అనే కంపెనీ ఉపగ్రహాలను ఎనిమిది వేల కిలోమీటర్ల ఎత్తులోనే తిప్పింది. నెట్ అందని మూడు వందల కోట్ల మందికి దాన్ని చేర్చడం తమ లక్ష్యమని పేరులోనే రాసుకున్న కంపెనీ అది. 2014లో దాని సేవను పెద్దయెత్తున అందుకున్న మొదటివాళ్లలో రాయల్ కరీబియన్ వాళ్ల 'ఒయాసిస్ ఆఫ్ ది సీస్' ఉంది. పేదల కోసమని వేసిన దారిలో మొదట విలాస నౌక పోయింది. తప్పు పట్టడానికి లేదు, డబ్బు కట్టేవాళ్లు అక్కడే ఉన్నారు. కానీ ఈ వరస మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది.

2022లో స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ ఓడలకు వచ్చింది. ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల ఎత్తున, వేల సంఖ్యలో, ఒకటి పోతే ఇంకోటి. పాత అర సెకను ఆలస్యం ఇప్పుడు అందులో పదో వంతుకు దిగింది. ఉపగ్రహాలు తమలో తాము లేజర్లతో మాట్లాడుకుంటాయి కాబట్టి నడిసముద్రంలో కూడా భూకేంద్రం దగ్గరుండాల్సిన పని లేదు. 'ఫ్రీడమ్ ఆఫ్ ది సీస్' మీద పరీక్షించి చూసి, ఆ ఏడాది ఆగస్టులో రాయల్ కరీబియన్ తన ఓడలన్నిటికీ దీన్ని పెడతామని ప్రకటించింది. కార్నివాల్, నార్వేజియన్ వెనకే వచ్చాయి. ఓడ నుంచి వీడియో కాల్ మాట్లాడటం, ఆఫీసు మీటింగులో కూర్చోవడం మామూలైపోయాయి. సెలవులో ఉన్నామని మేనేజరుకు చెప్పడానికి మిగిలిన ఆఖరి సాకు కూడా పోయిందని ఐటీ కుర్రాళ్ల బాధ.

మరి ధర? ఇక్కడే తమాషా. స్టార్‌లింక్ సముద్ర సేవను ప్రకటించినప్పుడు పరికరాలకు పది వేల డాలర్లు, నెలకు ఐదు వేల డాలర్లు అంది. పెద్ద ఓడకు డిష్‌లు చాలా కావాలి, వాటికి ఒప్పందాలు వేరేగా ఉంటాయి, ఆ అంకెలు బయటికి రావు. అయినా ఊహకు ఒక లెక్క వేద్దాం. మూడు వేల మంది ఉన్న ఓడలో వెయ్యి మంది రోజుకు ఇరవై డాలర్ల ప్యాకేజీ కొంటే రోజుకు ఇరవై వేలు, నెలకు ఆరు లక్షల డాలర్లు. అమెరికా ఓడల్లో ఇప్పుడు ఒక పరికరానికి రోజుకు ఇరవై నుంచి ముప్పై డాలర్ల మధ్య నడుస్తోంది. ఇరవై డాలర్లంటే పదిహేడు వందల రూపాయల పైమాటే. మన దేశంలో జీబీ డేటా సగటు ధర 2014లో దాదాపు 269 రూపాయలుంటే ఇప్పుడు పది రూపాయల దరిదాపుల్లో ఉంది. ఓడలో ఒక్కరోజు సొమ్ముతో ఇక్కడ ఆర్నెల్లు హాయిగా గడిచిపోతుంది.

న్యాయంగా చెప్పాలంటే, పాత రోజులతో పోలిస్తే ప్రయాణికుడికి దక్కేది ఎన్నో రెట్లు పెరిగింది. నిమిషానికి 75 సెంట్లు పోసి మెయిల్ కోసం దేవులాడిన చోట ఇప్పుడు రోజంతా వీడియో. కానీ టోకు ధర పడినంతగా చిల్లర ధర పడలేదు. కొన్ని కంపెనీలు స్టార్‌లింక్ వచ్చాకే రేట్లు పెంచాయి. సినిమాహాల్లో ఇంటర్వెల్లో పాప్‌కార్న్‌కు వర్తించే అర్థశాస్త్రమే దీనికీ. తలుపు మూసి ఉంది, లోపల కొట్టు ఒకటే. బయటి నుంచి తెచ్చుకుంటే? 2024లో స్టార్‌లింక్ చిన్న డిష్‌ను వీపుసంచిలో పెట్టుకుపోయే సైజులో తెచ్చింది. కొందరు ఓడెక్కించి బాల్కనీలో పెట్టారు. కార్నివాల్ వెంటనే తన నిషేధిత వస్తువుల జాబితాలో అలాంటి డిష్‌లనూ రౌటర్లనూ చేర్చింది.

ఇంకో తీరు కూడా ఉందని చూపించినవాళ్లున్నారు. వైకింగ్ కంపెనీ 2015లో సముద్రపు ఓడలు మొదలుపెట్టినప్పుడే వైఫైని టికెట్‌లో కలిపేసింది. దాని టికెట్ ఖరీదైనదే, నిజం. కానీ నాన్న ఫోన్‌కు ఒక ప్యాకేజీ, అమ్మ ఫోన్‌కు ఇంకోటి, పిల్లల ట్యాబ్‌కు వేరొకటి అన్న బేరం అక్కడ లేదు. మన కుటుంబాల్లో జరిగేది అందరికీ తెలుసు. ఒక్క ప్యాకేజీ తీసుకుని, 'ముందు నేను లాగౌట్ అవుతా, తరవాత నువ్వు ఎక్కు' అని వంతులేసుకుంటారు. ఓడ కదలకముందే ఆన్‌లైన్‌లో కొంటే కొంత తగ్గుతుందన్నది ఈ వంతుల్లో నేర్చిన మరో పాఠం. ఓడ కంపెనీ ఆప్ మాత్రం ప్యాకేజీ లేకుండానే పనిచేస్తుంది. భోజనం ఎక్కడ, ఆట ఎక్కడ, ఇంకేం కొనవచ్చు అన్నవన్నీ అందులో ఉచితంగా చూసుకోవచ్చు.

ధర సున్నా అయిన సందర్భమూ ఒకటుంది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామాలో 'డైమండ్ ప్రిన్సెస్' ఓడను కరోనా కారణంగా నిలిపేశారు. ఓడలో 3,711 మంది. కంపెనీ ఇంటర్నెట్‌ను ఉచితం చేసేసింది. వారాల తరబడి గదుల్లో ఉండిపోయిన జనం లోపల ఏం జరుగుతోందో ప్రపంచానికి రోజూ చూపించారు. అందులో మనవాళ్లు 138 మంది, వాళ్లలో 132 మంది ఓడ సిబ్బందే. తమను తీసుకుపొమ్మని ఆ సిబ్బంది పెట్టిన వీడియోలు ఇక్కడ టీవీల్లో తిరిగాయి. ఫిబ్రవరి నెలాఖరున ఎయిరిండియా విమానం వెళ్లి వాళ్లలో 119 మందిని తెచ్చింది. ఆ వైఫై నిమిషాల లెక్కన నడుస్తూ ఉంటే ఎన్ని వీడియోలు బయటికొచ్చేవో ఊహించుకోవచ్చు.

సిబ్బంది గొడవ ఎప్పుడూ ప్రయాణికుడి బిల్లు వెనక దాక్కుంటుంది. ఆరేడు నెలలు ఓడలో ఉండే వంటవాడికి, గది సర్దే కుర్రాడికి నెట్ విలాసం కాదు. పిల్లల్ని చూసే కిటికీ అదొక్కటే. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో సరుకు ఓడల మీద కొడుకులున్న ఇళ్లు ఎన్నో. వాట్సాప్‌లో చివరగా ఎప్పుడు కనిపించాడో చూసుకుని ఓడ ఏ సముద్రంలో ఉందో అంచనా కట్టే తల్లులున్న ఇళ్లవి. నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందానికి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23న అమల్లోకి వచ్చాయి. ఓడలో సిబ్బందికి ఇంటర్నెట్ అందుబాటులో ఉండాలి, వసూలు చేస్తే ఆ ధర సమంజసంగా ఉండాలి అన్నది వాటిలో ఒకటి. 'సమంజసం' ఎంతో అందులో రాయలేదు.

మళ్లీ మన తీరానికి వద్దాం. భారత జలాల్లో ఓడల మీద ఇంటర్నెట్ సేవకు దారి తెరిచింది 2018 డిసెంబరులో వచ్చిన నిబంధనలు. విమానాలకూ ఓడలకూ కలిపి చేసినవి. అంతకుముందు మన ప్రాదేశిక జలాల్లో ఈ సేవకు లైసెన్సు పద్ధతే లేదు. తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల దాకా మన జలాలు. ఒడ్డున టవర్ చూపు ఆగిపోయేది దాదాపు అక్కడే కావడం కేవలం కాకతాళీయం. స్టార్‌లింక్‌కు మన దేశంలో లైసెన్సు వచ్చింది 2025 జూన్‌లో. లైసెన్సు లేని దేశపు జలాల్లోకి రాగానే ఆ సేవ ఆగిపోతుంది. సముద్రం మధ్యలో సినిమా చూస్తూ వచ్చిన విదేశీ ప్రయాణికుడికి రేవు కనిపించే వేళకు నెట్ పోవడం ఇలాంటి చోట్లే జరుగుతుంది. ఓడలో ఎవరికీ అర్థం కాక రిసెప్షన్ దగ్గర వరస కడతారు.

మనవాళ్ల జాగ్రత్తకు కారణం ఉంది. 2008 నవంబరులో ముంబయి మీదికి వచ్చిన ఉగ్రవాదులు గుజరాత్ చేపల పడవ 'కుబేర్'ను పట్టుకుని దాని మీదే వచ్చారు. ఆ పడవలో దొరికిన వస్తువుల్లో తురాయా శాటిలైట్ ఫోన్ ఒకటి. ఆ తరవాత తురాయా, ఇరిడియం ఫోన్లను మన జలాల్లో నిషేధించారు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గరుంటే ఇప్పటికీ నేరమే. దేశ భద్రత కోసం పెట్టిన ఈ గీత, తుపానులో చిక్కుకున్న పడవవాడికి అందాల్సిన మార్గాన్ని కూడా కట్టేసింది.

2017 నవంబరు చివర్లో వచ్చిన ఓఖీ తుపాను ఆ సంగతి తేటతెల్లం చేసింది. హెచ్చరిక వెలువడే వేళకు కన్యాకుమారి, కేరళ పడవలు ఎంతో దూరాన, ఏ ఫోనుకూ అందని చోట ఉన్నాయి. ఆ తరవాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీతో కలిసి 'జెమిని' అనే చిన్న పెట్టె తెచ్చింది. 1999లో పుట్టిన ఈ సంస్థే మత్స్యకారులకు చేపలుండే చోట్ల సూచనలు ఇస్తూ వచ్చింది. జెమినిని 2019 అక్టోబరులో విడుదల చేశారు. విమానాలకు దారి చూపే గగన్ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలు, అలల ఎత్తు, చేపల సూచనలు అందుకుని బ్లూటూత్‌తో ఫోనుకు అందిస్తుంది. ధర తొమ్మిది వేల రూపాయల చుట్టుపక్కల. లోపం ఒకటే, కానీ చిన్నది కాదు. అది చెబుతుంది, వినదు. బోటు నుంచి తిరిగి ఒక్క మాట పంపడానికి లేదు.

2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం రెండో సగాన్ని పూరించే ప్రయత్నం. పదమూడు తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష మరబోట్లకు, మోటారు పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించాలి. ఖర్చు 364 కోట్లు. లెక్కేస్తే బోటుకు 36 వేల చిల్లర. ఇస్రో తయారుచేసిన పరికరం ఇది. 'నభమిత్ర' ఆప్‌తో ఫోనుకు కలుస్తుంది. తీరం నుంచి కబురు వస్తుంది, బోటు నుంచి కూడా పోతుంది. ఇంజన్ ఆగింది, పడవ మునుగుతోంది, మనిషికి బాగాలేదు వంటి కబుర్లకు దారి దొరికింది. అంతర్జాతీయ సముద్ర సరిహద్దు దాటబోతుంటే హెచ్చరిస్తుంది. నెలనెలా ప్యాకేజీ లేదు.

ఈ తీరానికి అలాంటి పరికరం విలువ వేరే చెప్పాల్సిన పని లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. దివిసీమను ముంచిన 1977 నవంబరు ఉప్పెన నిజాంపట్నం, రేపల్లె వైపు పెద్దవాళ్లకు ఇంకా నిన్నటి మాట. అప్పటి వాళ్లకు కబురు రేడియోలో వచ్చేది, అదీ ఒడ్డున ఉంటేనే.

ట్రాన్స్‌పాండర్ చేయలేనివీ ఉన్నాయి. దాంతో వీడియో కాల్ రాదు. వలలో పడ్డ చేపకు ఇవాళ నిజాంపట్నం హార్బర్‌లో ధర బాగుందా, వాడరేవులో బాగుందా అని ఫొటో పంపి అడగడానికి కుదరదు. ఐస్ కరిగేలోపు ఏ రేవుకు తిప్పాలో సరంగు తేల్చుకునేది ఇప్పటికీ తీరానికి పది పన్నెండు కిలోమీటర్లు దగ్గరయ్యాక, ఫోనులో గీతలు వెలిగాకే. అందుకు కావాల్సిన ఉపగ్రహాలు ఈపాటికే ఆ బోటు మీదుగా తిరుగుతున్నాయి. వాటి సేవకు స్పెక్ట్రమ్ ఛార్జీగా కంపెనీల ఆదాయంలో నాలుగు శాతం తీసుకోవాలని, పట్టణ చందాదారులకైతే ఏడాదికి మరో ఐదు వందలు కలపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 మేలో సిఫారసు చేసింది. పల్లెల చందాదారులకు ఆ ఐదు వందలు అక్కర్లేదంది. తీరానికి ముప్పై కిలోమీటర్ల అవతల వల లాగుతున్న బోటు ఈ రెంటిలో ఏ పద్దు కిందికి వస్తుందో ఎవరైనా రాసిపెడితే బాగుండేది.